తేలిక ఫ్లైవీలు, గట్టి స్ప్రింగులు

1957 ఎండాకాలం. నంద్యాల బస్టాండు దగ్గర్లో నాకు మోటారు సామాన్ల అంగడి ఉండేది. మా నాయన చింతపండు, బెల్లం అమ్మాడు. నేను బేరింగులు, బ్రేకు షూలు అమ్మాను. సరుకు మారిందే గానీ నోరు మారలేదు. మా ఇంట్లో పిల్లలకు నడక కన్నా ముందు బేరం వస్తుంది.

అలాంటి నన్ను బేరంలో ఏడిపించిన మనిషి ఒక్కడే, ఆళ్లగడ్డ ఓబుళరెడ్డి. అప్పటికి నలభై దాటినవాడు. దేశం విడిచిపోతున్న ఒక దొర దగ్గర కొన్న రెండు సీట్ల చిన్న కారు ఆయనకు ప్రాణం. ఏటా మద్రాసు దగ్గర విమానాలు దిగడం మానేసిన పాత మైదానంలో జరిగే పందేలకు దాన్ని తానే తోలుకుపోయేవాడు. గెలిచింది ఎన్నడూ లేదు. "ఈసారి నా ఎనకాల ఇద్దరుండారు శెట్టీ" అని వచ్చి చెప్పేవాడు, కప్పు తెచ్చినంత సంబరంగా.

ఆ ఏడు ఆయన తేలిక ఫ్లైవీలు కావాలన్నాడు. ఫ్లైవీలంటే ఇంజను వెనక తిరిగే బరువైన ఇనప చక్రం. బరువుంటే ఇంజను నిదానంగా, ఆగకుండా తిరుగుతుంది. బస్సుకూ లారీకీ అదే మేలు. బరువు తగ్గిస్తే కాలు ఆనించగానే ఇంజను జోరందుకుంటుంది. పందేనికి అదే కావాలి. కాకపోతే బండి కదిలేటప్పుడు కుడికాలితో రేసు ఇస్తూ, ఎడమకాలితో క్లచ్చును వెంట్రుకవాసిగా వదలాలి. తప్పితే ఇంజను ఆగిపోతుంది.

మద్రాసు పాత ఇనుము అంగళ్ల నుంచి అదే రకం కారుది ఇంకో ఫ్లైవీలు తెప్పించాను. లేతు మిషను నడిపే డేవిడన్న దాని అంచు చుట్టూ చెక్కాడు. బోల్టు రంధ్రాల జోలికి మాత్రం పోలేదు. అక్కడ పలచబడితే పోత ఇనుము పగిలి కాళ్ల మీదికి వస్తుంది. క్లచ్చుకు గట్టి స్ప్రింగులే కావాలన్నాడు రెడ్డి. క్లచ్చు ప్లేటును ఫ్లైవీలుకు అదిమిపట్టేవి అవే, మెత్తవైతే పందెం జోరుకు ప్లేటు జారుతుందని నేనే ఆయనకు చెప్పాను. గట్టివైతే జారదు గానీ పెడలు తొక్కడానికి కాలి సత్తువ ఎక్కువ కావాలి.

ఎలాగూ సగానికి కోస్తాడని ధర బాగా పైకే చెప్పాను.

"సరే, బిగించు" అన్నాడు.

బేరమే ఆడలేదు. "ఏంది రెడ్డన్నా, ఒంట్లో బాగలేదా?" అన్నాను నవ్వుతూ. ఆయన నవ్వలేదు.

మా అంగట్లో ఒక పద్ధతి ఉండేది. క్లచ్చు బిగించాక, తోలే మనిషి సీట్లో కూర్చుని పెడలు తొక్కిపట్టాలి. నేను ఎదురుగా నిలబడి గ్లాసెడు టీ తాగుతాను. టీ అయ్యేదాకా పట్టగలిగితేనే ఆ స్ప్రింగులు ఆ మనిషికి సరి. "టీ తాగుతాండావా, లెక్కపెడ్తాండావా శెట్టీ, బేగ కానీ" అని బస్సు డ్రైవర్లు అరిచేవాళ్లు.

రెడ్డి తొక్కాడు. నేను రెండు గుక్కలు తాగానో లేదో, మోకాలు వణికింది. రెండు చేతులతో తొడను కిందికి అదిమాడు. పెడలు టప్పున పైకి లేచింది.

"చెప్పు జారిందిలేప్పా. ఇంకోతూరి."

చెప్పులు విడిచి తొక్కాడు. మళ్లీ అంతే. డేవిడన్న తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఎప్పట్నుంచి రెడ్డన్నా?" అన్నాను.

"శెనక్కాయ పంట పీకినప్పట్నుంచి. నరం ఎండిపోతాందంట. మందు లేదన్యాడు మద్రాసు డాక్టరు."

"మరి పందెం ఎందుకన్నా?"

"అందుకే ఈ ఏడు. వచ్చే ఏడు యాడిదప్పా?"

మెత్త స్ప్రింగులు వేద్దామన్నాను.

"జారుతుందని నువ్వే చెప్తివి గదా. ఆడికి పోయి నగుబాటు కావల్నా?"

కారును ఆళ్లగడ్డ రోడ్డు మీదికి తీసుకుపోయాం. ఆయన రేసు ఇచ్చి క్లచ్చు వదిలాడు. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. మళ్లీ స్టార్టు చేశాడు, మళ్లీ కుదుపు. క్లచ్చు వదలడమంటే పాదాన్ని కొద్దికొద్దిగా లేపడం. ఆయన పాదం మాత్రం ఒక్కసారిగా వదిలేస్తోంది. వెనక ఎద్దులబండివాడు జాలిపడి "నెట్టేదా రెడ్డీ?" అన్నాడు. ఆ మాటతో ఆయన చేయి తాళం మీదికి పోయింది.

తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

"పాతదే ఎయ్యి శెట్టీ. స్ప్రింగులు గూడా మెత్తవే. పందెం పోతే పాయె. ఇంటికైతే నేనే తోలుకుంటా."

గేరుబాక్సు మళ్లీ దించి పాత ఫ్లైవీలు బిగించేసరికి పొద్దువాలింది. కారు ఒక్క కుదుపు లేకుండా, నిదానంగా ఆళ్లగడ్డ వైపు పోయింది. దుమ్ము అణిగేదాకా నేనూ డేవిడన్నా లోపలికి రాలేదు.

అంతకుముందు క్లచ్చు కోసం ఎవరొచ్చినా "ఏ బండి?" అని అడిగేవాణ్ని. ఆ తర్వాత "ఎవరు తోలతారు?" అని అడగడం మొదలుపెట్టాను. సామాను బండికి సరిపోతుందో లేదో కొలతలు చెబుతాయి. మనిషికి సరిపోతుందో లేదో ఆ మనిషిని చూస్తేనే తెలుస్తుంది. నాకు అది ఓబుళరెడ్డి దగ్గర తెలిసింది.

మరుసటి ఏడు ఆ కారు మళ్లీ వచ్చింది. క్లచ్చు ప్లేటు అరిగిందట. స్టీరింగు ముందు నుంచి ఒక డ్రైవరు దిగాడు. పక్క సీట్లో ఉన్న రెడ్డి దిగలేదు. అందరినీ అడిగే మాట నా నోటిదాకా వచ్చి ఆగింది.

ఆయనే అన్నాడు: "ఈసారి గట్టి స్ప్రింగులే ఎయ్యి శెట్టీ. వీనికి కాళ్లుండాయి."