నాకు తెలియని రెండు కిలోమీటర్లు

2012లో ఒక పొద్దున ఎల్లారెడ్డిలో బడి గేటు ముందు నా సైకిల్ మీటరు ఎనిమిది కిలోమీటర్లు చూపింది. మా ఊరి నుంచి బడికి ఆరే. ఆరో తరగతి చదివే నా బిడ్డ శ్రావణిని రోజూ క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని దింపి, దగ్గర్లోని ఎరువుల దుకాణంలో పనికి పోయేవాణ్ని. ఆ మీటరు తమ్ముడు దుబాయ్ నుంచి తెచ్చాడు. ముందు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో దాన్నిబట్టి దూరం చెబుతుంది. దుబాయ్ సరుకు కూడా ఇంతేనా అని నవ్వుకున్నాను.

ఆ వారంలోనే మళ్లీ ఎనిమిది. అసలే నాకు మొండి పట్టు. టైరు మీద సుద్దగీత గీసి, చక్రాన్ని ఒక చుట్టు దొర్లించి టేపుతో కొలిచాను. మీటర్లో పెట్టిన చక్రం కొలత సరిగ్గానే ఉంది. అయినా ఎనిమిది ఆరయ్యేలా ఆ కొలతను తగ్గించి పెట్టాను. మర్నాడు నాలుగున్నర చూపింది. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. అంటే తప్పు మీటరుది కాదు, కొన్ని రోజులు దారే రెండు కిలోమీటర్లు పెరుగుతోంది.

"తొవ్వల గాలి సోకింది కావొచ్చు" అని మా ఇంటామె తాయెత్తు కట్టించింది. నేను కొలత సరిచేసి, తమ్ముడి ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని బయల్దేరాను. మూడో రోజు మీటరూ ఫోనూ రెండూ ఎనిమిదే చూపాయి. ఫోన్‌లో మా దారి గీత మూతపడ్డ రైస్‌మిల్లు దగ్గర రోడ్డు దిగి, వెనక ఖాళీ జాగాలో చుట్ల మీద చుట్లు తిరిగి ఉంది. నేను అటు పోయిన గుర్తే లేదు.

సాయంత్రం శ్రావణికి చూపించాను.

"మనమే గద బాపు. నువ్వు ఆడ తిప్పుతవ్ గదా."

"నేనా? ఎప్పుడే?"

"శానసార్లు. పిలిస్తె పలుకవు. నోట్లె ఏందో నములుతున్నట్టు చేస్తవ్. నా మీద కోపమొచ్చిందనుకొని గట్టిగ పట్టుకొని కూసుంట."

నాకు ఏడుపొచ్చింది. అది లారీలు తిరిగే రోడ్డు.

కామారెడ్డిలో డాక్టర్ నాకన్నా నా బిడ్డ చెప్పిందే ఎక్కువ విన్నారు. ఈఈజీ, ఎంఆర్ఐ తీయించారు. "కాంప్లెక్స్ పార్షియల్ సీజర్స్. ఫిట్స్‌లో ఇదొక రకం. కాళ్లు తొక్కుతనే ఉంటయి, నీకే సోయి ఉండదు. సైకిల్ బంద్" అన్నారు.

మాత్రలు మొదలుపెట్టాను. కొన్ని నెలలు ఏమీ కాలేదు. నయమైపోయిందనుకుని నా అంతట నేనే మానేశాను. ఒక మధ్యాహ్నం సోయి వచ్చేసరికి ఆ మిల్లు వెనక నిలబడి ఉన్నాను. సైకిల్ లేదు. మట్టిలో నా చెప్పుల గుర్తులు గుండ్రంగా ఉన్నాయి.

"నన్ను అడగకుండ డోస్ ఎట్ల బంద్ చేస్తవయ్యా?" అని డాక్టర్ కోప్పడ్డారు.

ఇప్పుడు 2014. మాత్రలు తప్పడం లేదు, ఏడాదికి పైగా ఫిట్స్ రాలేదు. శ్రావణి తొక్కుతుంది, నేను క్యారియర్ మీద కూర్చుంటాను, ఎత్తు వస్తే దిగి నడుస్తాను. ఊళ్లోవాళ్లు నవ్వితే నవ్వనీ.

నాలాంటివాళ్లకు ఒకటే చెబుతాను. డాక్టర్ దగ్గరికి ఒంటరిగా పోకండి, మిమ్మల్ని చూసినవాళ్లను వెంట తీసుకుపోండి. మీకు ఏమైందో వాళ్లకే తెలుసు.

మిల్లు దగ్గరికి రాగానే శ్రావణి వెనక్కి తిరగకుండానే పిలుస్తుంది.

"బాపూ?"

"ఉన్న బిడ్డా" అంటాను.