కాటా ఎక్కనిదే నమ్మని మెర్వ్

మా గిల్‌గాండ్రా ఊళ్లో మెర్వ్ ట్రెలోర్‌కి ఒకటే జబ్బు. ఏ వస్తువు బరువైనా సరే, కళ్లముందు తూస్తే తప్ప నమ్మడు. పిండి సంచీ మీద కిలో అని అచ్చేసి ఉంటే అది కంపెనీవాళ్ల అభిప్రాయం అంటాడు. ఎవరు ఏ బరువు చెప్పినా ఆయన నోట్లోంచి వచ్చేది ఒకటే మాట: "ఎవరు తూచారు?"

ఒకసారి పబ్బులో ఓ కుర్ర తండ్రి, కొడుకు పుట్టాడు, మూడున్నర కిలోలు అని మురిసిపోతూ అందరికీ బీరు పోయిస్తున్నాడు. మెర్వ్ గ్లాసు అందుకుంటూనే "ఎవరు తూచారు?" అన్నాడు. గ్లాసు వెనక్కి పోయింది. కేకు బరువు సరిగ్గా ఊహించి చెప్పినవాళ్లకే కేకు అని చర్చి సంతలో ఏటా ఓ పోటీ పెడతారు. దాని దరిదాపులకి కూడా మెర్వ్‌ని రానివ్వరు. ఓ ఏడు ఆయన జేబులోంచి కొక్కెం త్రాసు తీసి, కమిటీవాళ్ల తూకమే తప్పని తేల్చాడు. గెలిచినావిడ అప్పటికే సగం కేకు తినేసి ఉంది.

"పెళ్లిరోజు నన్ను ఎత్తుకుని గడప దాటించాడు," అంటుంది వాళ్లావిడ డాట్. "చెవిలో ఏదో ముద్దుమాట చెబుతాడని కళ్లు మూసుకున్నాను. 'అరవై ఒకటి' అన్నాడు."

కారు వెనక తగిలించుకుని ఊళ్లు తిరిగే ఇల్లుబండి, వాళ్ల కారవాన్ సంగతి ఇంక చెప్పక్కర్లేదు. బరువు తగ్గాలని పళ్లు తోముకునే బ్రష్షుల పిడులు సగానికి కోసేశాడు. టీ సంచుల దారాలు కత్తిరించేశాడు. డాట్ తన కుట్టుమిషన్ తెస్తానంటే, ఇంట్లోనే కుట్టుకుని రమ్మన్నాడు.

ఇలాంటి మనిషిని నేనే వెళ్లి పిలవాల్సి వచ్చింది. ఉత్తరాన చాలా దూరంలో లాంగ్‌రీచ్‌లో ఉండే మా అక్క ఐలీన్‌కి చూపు తగ్గిపోతోంది. "థెల్మా, ఈ శీతాకాలం వచ్చెయ్యవే. నీ మొహం ఇంకా ఆనుతోంది. పైయేడు వస్తే గొంతు విని గుర్తుపట్టాలి," అని ఫోన్లో నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అంత దూరం హోటళ్లలో దిగుతూ వెళ్లే స్తోమత నాకు లేదు. ఓ పాత కారవాన్ కొనుక్కుని నా చిన్నకారుకి తగిలించుకుని పోదామనుకున్నాను. నా కారు పదిహేను వందల కిలోలు లాగుతుంది, అంతకుమించి కిలో కూడా లాగకూడదు.

సరిగ్గా అప్పుడే హేజెల్ తన కారవాన్ అమ్ముతానంది. భర్త బర్ట్ పోయాక దాన్ని కదిలించినవాళ్లు లేరు. కొనేముందు ఓసారి చూసిపెట్టమని మెర్వ్‌ని వెంటబెట్టుకెళ్లాను. తలుపు పక్కన రేకు మీద పదకొండు వందల యాభై కిలోలు అని చెక్కి ఉంది.

"బ్రహ్మాండం," అన్నాను.

"ఎవరు తూచారు?" అన్నాడు మెర్వ్.

"తయారుచేసినవాళ్లే తూచారయ్యా!"

"అది పుట్టినరోజు బరువు. నీ పుట్టినప్పటి బరువు చూసి ఇప్పుడు నీకు గౌను కుడతారా?"

అని ఊరుకోలేదు. గోధుమ లారీలు తూచే కాటా దగ్గరికి దాన్ని తన పెద్దకారుతో ఈడ్చుకొచ్చాడు. హేజెల్, డాట్ కూడా వచ్చారు. కారు విప్పి పక్కకి తీసి, కారవాన్ని మాత్రం ప్లేటు మీద నిలబెట్టాడు. మెట్టు మీద చెయ్యి వేశానని నన్ను కసిరాడు.

కాటా చూసే డెస్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "పదహారు వందల నలభై!"

నా కారు లాగే దానికంటే నూట నలభై ఎక్కువ. మెర్వ్ మొహం మాత్రం వెలిగిపోయింది. బాతుల్ని చూసిన వేటకుక్కలా లోపల దూరాడు. నీళ్ల ట్యాంకు నిండా ఉందని కుళాయి తిప్పి నీళ్లు వదిలేశాడు. పదిహేను వందల అరవైకి దిగింది. తర్వాత మంచం చెక్క ఎత్తి, నన్ను రమ్మని చెయ్యి ఊపాడు.

మంచం కింద అంతా రాళ్లు. ఎర్రవి, పచ్చవి, చారలవి, గుడ్డల్లో చుట్టినవి. రూబీవేల్ గుట్టల్లో బర్ట్ జీవితమంతా నీలాల కోసం తవ్వాడని ఊరందరికీ తెలుసు. నీలం ఒక్కటీ దొరకలేదనీ తెలుసు.

"హమ్మయ్య, ఇవి తీసేస్తే సరిపోతుంది," అన్నాను.

హేజెల్ తలుపుకి అడ్డం నిలబడింది. "అవి తియ్యడానికి వీల్లేదు."

"అవి ఉన్నాయని నీకు తెలుసా?"

"తెలుసు. కావాలనే ఉంచాను. ప్రతి ప్రయాణంలోనూ వాటిని తిప్పాడు థెల్మా. లోపల ఏముందో ఎవరికి తెలుసు అనేవాడు. నువ్వు ఉత్తరానికి పోతున్నావన్నారు. నీతోపాటు అవీ తిరుగుతాయనుకున్నాను. పెరట్లో కుప్ప పోయడానికి నాకు మనసొప్పదు. అలా అయితే నేను అమ్మను."

నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. రాళ్లుంటే నా కారు లాగదు, రాళ్లు తీస్తే ఆవిడ ఇవ్వదు. అక్క మొహం కళ్లముందు మెదిలింది. అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చేద్దామనిపించింది, కాని మెర్వ్ కసురుతాడని కూర్చోలేదు.

మెర్వ్ మంచం దగ్గర వంగాడు. ఒక్కో రాయీ బయటికి తీసి, గుడ్డ సరిచేసి, తన కారు డిక్కీలో పేర్చడం మొదలెట్టాడు.

"ఎక్కడికయ్యా తీసుకుపోతున్నావు?" అంది హేజెల్.

"నా కారవాన్లోకి. థెల్మాతోపాటు నేనూ డాట్ కూడా పోతాం. ఒంటరిగా అంత దూరం ఎందుకు?"

డాట్ నడుం మీద చేతులు వేసుకుంది. "నా కుట్టుమిషన్‌కి చోటు లేదన్నావు. ఈ బండలకి ఉందా?"

"మిషన్ కూడా తెచ్చుకో," అన్నాడు మెర్వ్, ఎవరి మొహమూ చూడకుండా. "ఇన్నేళ్లూ అంత బరువు మిగిల్చాను. ఎవరికోసం మిగులుస్తున్నానో నాకే తెలీలేదు."

డాట్ చేతులు దింపేసింది. హేజెల్ ఆయన చొక్కా కాలరు సరిచేసి, అంతకంటే ఏం చెయ్యాలో తెలీక మళ్లీ సరిచేసింది. డెస్ కిటికీలోంచి "పదమూడు వందల తొంభై, పోయి రండి," అన్నాడు.

అలా రెండు కారవాన్లూ ముందూ వెనకా బయల్దేరాం. లాంగ్‌రీచ్‌లో మా అక్క నా మొహం ముక్కుకి ముక్కు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చూసింది. "లావయ్యావే థెల్మా," అంది. ఇంత అందమైన మాట ఆవిడ నన్నెప్పుడూ అనలేదు. ఇద్దరం ఒకళ్లనొకళ్లు పట్టుకుని చాలాసేపు నవ్వాం.

ఆగిన ప్రతిచోటా సాయంత్రం మెర్వ్ హేజెల్‌కి ఫోన్ చేసి, రాళ్లు ఇవాళ ఏ ఊళ్లో ఉన్నాయో చెప్పేవాడు. ఆ రోజు కూడా అక్కవాళ్ల వరండాలో నిలబడి చేశాడు. చేతిలో ఏదో ఉంది.

"హేజెల్, దారి పక్కన ఇక్కడో రాయి కనబడింది. ఎర్రమట్టి రంగు, మధ్యలో తెల్ల గీత. బర్ట్ అయితే వదిలేవాడు కాదు. వాటిలో వేసెయ్యనా?"

"వెయ్యవయ్యా," అంటున్న హేజెల్ గొంతు మా అందరికీ వినబడింది. "ఎంత బరువుందేమిటి?"

మెర్వ్ రాయిని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "చూడలేదు," అన్నాడు. "బావుందని తీసుకున్నాను."