ఏరు అన్న ఒక్క మాట

1989 మార్చి చివరి వారంలో నన్ను టేకులపల్లికి వేశారు. హోదా రీసెర్చ్ అసిస్టెంటు, చేసే పని బిహేవియర్ అనలిస్టుది. పిల్ల ఒక పని చేసిందంటే దానికి ముందు ఏం జరిగింది, చేసినందుకు ఏం దొరికింది అన్నది కాగితం మీద పెట్టి, పనికొచ్చే అలవాటును పెంచడం, పనికిరానిదాన్ని తగ్గించడం మా వృత్తి. ఆటిజం అన్న మాట అప్పటికి జిల్లా దవాఖానాలోనే కొత్త. మాట రాని పిల్లకు మందబుద్ధి అని చీటీ రాసి పంపేవారు, ఊళ్ళోవాళ్ళు గాలి సోకిందనేవారు. అటువంటి పిల్లలకు ఏ పద్ధతిలో నేర్పితే ఫలితముంటుందో తేల్చడం హైదరాబాదు నుంచి నడిచే మా ప్రాజెక్టు ఉద్దేశం.

బస్సులు ఆగే చోటికి దగ్గర్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. నాకు తోడు పెనుబల్లి మనిషి, ఫీల్డు ఇన్వెస్టిగేటరు వెంకటేశ్వర్లు. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. మధిరలో పుట్టి, హైదరాబాదులో ఎమ్మే చేసి, ట్రైనింగులో అందరికంటే ముందు నిలిచి, ఇక నాకు తెలియనిదేముందిలే అన్న పొగరుతో బస్సు దిగాను. ఆ పొగరు సంగతి ముందే చెప్పడం మంచిది.

మా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ముత్తి ఒకతె. ఆరేళ్ళది. నాలుగు కిలోమీటర్ల అవతలి కోయగూడెం నుంచి తల్లి జోగమ్మ నడిపించుకుని తెచ్చేది. బీడీలకు తునికాకు కోసే రోజులు మొదలైనా కూలి మానుకుని వచ్చేది. ముత్తి ఎవరి కళ్ళలోకీ చూడదు, పిలిస్తే పలకదు. ఒక పుల్ల దొరికితే చాలు, పొద్దంతా వేళ్ళ మధ్య తిప్పుకుంటూ కూర్చుంటుంది. కోపమొస్తే తన ముంజేతిని తానే కొరుక్కుంటుంది. అక్కడ చర్మం కాయ కట్టి ఉండేది.

మొదటి రోజు ఫారం నింపుతూ, పిల్ల ఏమైనా మాట్లాడుతుందా అని అడిగాను.

"ఒక్క మాట అంటదమ్మా. నీళ్ళడుగుతది" అంది జోగమ్మ. చెప్పేటప్పుడు ఆమె మొహం విప్పారింది. "ఆకలైతుందని చెప్పుడు కూడా నేర్పుండ్రి. ఇంకేం వద్దు. నేను రేపు లేకపోతే దాని కడుపు సంగతి ఎవరికెరుక?"

'తల్లి చెప్పినది: నీళ్ళు అడుగుతుంది' అని రాసుకున్నాను. ఇంటి భాష అన్న గడిలో తెలుగు అని నింపాను. నేను తెలుగులో అడిగాను, ఆమె తెలుగులో చెప్పింది, ఇంకేం కావాలి! ఆ తర్వాత రెండు రోజులు, ఏమీ నేర్పకుండా ఊరికే చూసి రాసుకునే పని. దాన్ని బేస్‌లైన్ అంటారు. నీళ్ళు అన్న మాట ఒక్కసారి కూడా వినబడలేదు. తల్లి మాట పక్కన 'పరిశీలనలో కనబడలేదు' అని చేర్చాను. తల్లులు ఆశకొద్దీ అలాగే చెబుతారులే అని వెంకటేశ్వర్లుతో అన్నాను కూడా.

నేర్పడం మూడోరోజు మొదలైంది. బల్ల మీద ఎర్ర పూసలు, తెల్ల పూసలు కలిపి పోసి "ఎర్రవి ఏరు" అంటాం. ఒక ఎర్ర పూసను గిన్నెలో వేయగానే నాలుగు పుట్నాలు చేతిలో పెడతాం. ఆ పుట్నాలను మా పుస్తకాల్లో రీఇన్‌ఫోర్సర్ అంటారు, నేను కూలి అనేదాన్ని. తల్లి ఎదురుగా ఉంటే పిల్ల ఆమె ఒళ్ళోకి పోతుంది గనక తల్లిని వరండాలో కూర్చోబెట్టి తలుపు వేయడం నియమం. లోపల నేనూ వెంకటేశ్వర్లూ ఎవరి కాగితం మీద వాళ్ళం, ఒకరిది ఒకరు చూడకుండా గీతలు పెట్టుకుంటాం. సాయంత్రం రెండూ పోల్చి, లెక్కలు కలిస్తే పరిశీలన నమ్మదగ్గదని అర్థం.

ఆ రోజే ముత్తి నోరు విప్పింది. "ఏరు" అంది. కాసేపాగి మళ్ళీ "ఏరు, ఏరు" అంది. ఏరు అని మేమన్నదాన్నే తిరిగి అంటోందని ఇద్దరికీ అనిపించింది. అర్థం లేకుండా విన్నమాటనే తిప్పి అనడాన్ని ఎకోలేలియా అంటారు, చిలకపలుకు అనుకోండి. చిలకపలుకుకు జవాబివ్వకూడదు, అటు చూడకూడదు, ఏదీ చేతిలో పెట్టకూడదు. దానివల్ల ఏమీ దొరకదని తెలిశాక అలవాటు తనంతట తానే ఆరిపోతుంది. పొయ్యిలో కట్టె వెనక్కి లాగితే మంట తగ్గినట్టు. ఈ పద్ధతి పేరు ఎక్స్‌టింక్షన్.

శ్రద్ధగా చేశాం. పిల్ల ఆ మాట అన్నప్పుడల్లా ఇద్దరం మొహాలు గోడవైపు తిప్పుకునేవాళ్ళం. అంటూ అంటూ నా బల్ల మీది స్టీలు చెంబు వైపు చేయి చాచేది. 'మెరిసే వస్తువుల మీద ఆసక్తి' అని రాసి, చెంబు తీసి అల్మారాలో పెట్టించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! మొదట్లో ఆ మాట తగ్గకపోగా ఎక్కువైంది, ముంజేయి కొరుక్కోవడం ఎక్కువైంది. ఆరిపోయే ముందు అలవాటు ఒకసారి రెచ్చిపోతుందని చదివి ఉన్నాం కనుక కంగారుపడలేదు. కొరుక్కోకుండా చేయి అడ్డం పెట్టాం, పలకరించలేదు. అరగంటకు బయటికి పంపితే తల్లి నీళ్ళు పోసి తెచ్చుకున్న సొరకాయ బుర్ర ఎత్తి గటగటా తాగేది. ఎండాకాలం కదా అనుకున్నాం.

పదకొండు రోజులకు ఆ మాట దాదాపు పోయింది. ఇద్దరి లెక్కలూ రోజూ కలిశాయి. కలవక ఏం చేస్తాయి, ఇద్దరివీ తెలుగు చెవులే. గ్రాఫు మీద గీత దిగుతూ దిగుతూ అడుగుకు చేరింది. ప్రాజెక్టు డైరెక్టరును మేం పెద్దసారు అనేవాళ్ళం. ఆయన గ్రాఫు చూసి మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు, హైదరాబాదు మీటింగులో చూపిస్తామన్నారు. ఆ ఉత్తరం నాలుగుసార్లు చదువుకున్నాను.

పన్నెండో రోజు సెషను మధ్యలో కరెంటు పోయింది. ఉక్కపోతకు తలుపు తీసి పెట్టాం. ముత్తి ఒక ఎర్ర పూస వేసింది, పుట్నాలు తింది, వినీ వినబడకుండా "ఏరు" అంది. నేను మొహం తిప్పుకున్నాను. వరండాలోంచి జోగమ్మ లేచి, బుర్ర పట్టుకుని నేరుగా లోపలికి వచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

"సెషన్ నడుస్తుంటే లోపలికి రావద్దని ఎన్నిసార్లు చెప్పిన జోగమ్మా?"

"నీళ్ళడుగుతుంది కదమ్మా."

"ఎప్పుడడిగింది?"

"ఇప్పుడే కదా, ఏరు అన్నది. మా కోయ భాషల ఏరంటే నీళ్ళే." పిల్లకు తాగించి మూతి తుడిచింది. "మీకు తెల్వదా? దినాం లోపట ఏరు ఏరు అంటుంటిరి. మా మాట నేర్చుకున్నరు, పిల్లకు నీళ్ళు తాపుతున్నరని సంబరపడ్డ."

మధిరవాళ్ళకు ఏరంటే ఊరి పక్కన పారే వైరా ఏరు. పూసల దగ్గర ఏరంటే ఏరుకోమని. ఆ పిల్లకు మాత్రం ఆ ఒక్క శబ్దానికి ఒక్కటే అర్థం. రోజూ దాని చెవిలో నీళ్ళు, నీళ్ళు అంటూ, నోరెండిపోయే పుట్నాలు తినిపించి, నీళ్ళడిగితే గోడవైపు తిరిగాం.

"దినాం అడిగిందా?" అంది జోగమ్మ.

"అడిగింది."

"మీరియ్యలేదా?"

"ఇయ్యలేదు."

ఆమె తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. పిల్లను చంకనేసుకుని వెళ్ళిపోయింది. మరునాడు రాలేదు, ఆ మరునాడూ రాలేదు. నాలుగోరోజు నేనే గూడెం పోయి తప్పు ఒప్పుకుని బతిమాలాను. వచ్చింది. అది ఆమె మంచితనం.

జరిగింది దాచకుండా పెద్దసారుకు రాశాను. ఆ కేసు జాబితాలోంచి తీసేసి ఇంకో పిల్లను చేర్చుకోమని జవాబొచ్చింది. కొట్టేస్తే పోయేదానికి అదేమన్నా అచ్చుతప్పా? ముత్తికి నా సొంత టైములో నేర్పుతానని తిరుగు టపాలో రాశాను. ఆయన మీద ఇప్పటికీ నాకు కోపమే, నా మీద ఉన్నంత కాదు.

ఆ తర్వాత తల్లిని లోపలే కూర్చోబెట్టాం. "ఏరు" అని జోగమ్మ చేత అనిపించి, వెంటనే నీళ్ళిచ్చేవాళ్ళం. పూసల దగ్గర ఆ మాట వాడటం మానేశాం. ఆరిన అలవాటు కొన్నాళ్ళకు తనంతట తానే తిరిగి తలెత్తవచ్చని మా పుస్తకాల్లో ఉంది. దానికోసం రోజూ కాచుకున్నాను. పిల్ల పెదవులు కదిలితే చాలు, ముందుకు వంగి చెవి ఒగ్గేదాన్ని. దాహమైతే గిన్నె తెచ్చి చేతికివ్వడం నేర్చుకుంది. ఆకలైతే పళ్ళెం తెచ్చేది. చేయి కొరుక్కోవడం తగ్గింది. మాట మాత్రం రాలేదు.

నవంబరులో నాకు బదిలీ అయ్యింది. రిలీవయ్యే రోజు జోగమ్మను కూర్చోబెట్టి, పిల్ల ఏమేం నేర్చుకుందో, ఇంటి దగ్గర ఎట్లా సాగించాలో వివరంగా చెప్పాను. ఆమె అంతా విన్నది.

"అవ్ అమ్మా, గిన్నె తెస్తది. మంచిదే" అంది. "కానీ అడవిల నేను ముందు నడుస్తుంటే అది ఎనక నడుస్తది. ఏరు అంటే తిరిగి చూస్తుంటి. ఇప్పుడు గిన్నె ఎత్తి నిలబడితే నాకెట్ల కనబడుతది?"

నాకు తెలియదని చెప్పాను.

ఆ తరువాత సర్వీసంతా తల్లిని బయట కూర్చోబెట్టి ఒక్క సెషనూ నడపలేదు. పరిశీలించే ఇద్దరిలో ఒకరు ఆ పిల్ల ఇంటి భాష మనిషై ఉండాలని పట్టుబట్టి, ఖర్చెక్కువని పైవాళ్ళ చేత మాటలు పడ్డాను. మా పద్ధతి పనికిరాదని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ పద్ధతి పనిచేస్తుంది. ఆరేళ్ళ పిల్లకున్న ఒక్కగానొక్క మాటను పదకొండు రోజుల్లో ఆర్పింది. అంత బాగా పనిచేసే పద్ధతిని చేతిలోకి తీసుకునే ముందు, ఆర్పుతున్నదేమిటో ఒక్కసారి అడగాలి. అడగడానికి మనిషి తలుపవతలే ఉంది. నేను అడగలేదు.