ప్రాగ్ కుప్ప, శాలిబండ కుప్ప

మా శాలిబండ బాలనర్సింహ బాపుకు ఎవరు ఏ సంగతి చెప్పినా ఆయన అడిగేది ఒక్కటే: "చెప్పినోడు చూసిండా?" బయట వాన పడుతోందని చెప్పినా అంతే. నా తల తడిసిందో లేదో తడిమి చూసుకుని గానీ గొడుగు తీయడు.

ముప్పై ఏళ్లు రికార్డుల ఆఫీసులో నకళ్లు రాసి రిటైరైనవాడు. నకలును నమ్మకపోవడానికి అంతకంటే వేరే కారణం అక్కర్లేదు. ఆరేళ్ల కింద ఓ ఆదివారం పాత పుస్తకాల బండి మీద అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకమొకటి దొరికింది. చెక్ దేశపు చరిత్ర. కథలా చెప్పింది కాదు, ఆనాటి ఉత్తరాలు, ఫర్మానాలు, వాంగ్మూలాలు ఉన్నవి ఉన్నట్టు అచ్చేసింది. బాపుకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు ఆ దేశంలో దిగిన మనిషి ఇప్పటిదాకా తిరిగి రాలేదు.

అందులో ఆయనకు మహా ఇష్టమైనది 1618లో ప్రాగ్ కోటలో జరిగిన గొడవ. మతం తగాదాలో ఇద్దరు దొరలనూ, వాళ్ల గుమస్తానూ కిటికీలోంచి విసిరేశారు. ముగ్గురూ బతికారు.

"ఒక దిక్కోళ్లు మేరీమాత కాపాడిందని రాసిండ్రు. ఇంకో దిక్కోళ్లు పెంటకుప్ప మీద పడ్డరని రాసిండ్రు."

"ఏది నిజం బాపూ?"

"గదే గదా లొల్లి. కుప్ప సంగతి రాసినోడు కుప్పను చూసిండా?"

ఇక గుమస్తాను ఎందుకు విసిరారన్నది బాపు సొంత దుఃఖం. "కాగితాలు రాసేటోడు ఏం జేసిండు బిడ్డా?" అని ఇప్పటికీ బాధపడతాడు.

పోయిన నెల, ఓ మంగళవారం మధ్యాహ్నం, మా సందులో ఎల్లప్ప కిటికీలోంచి పడ్డాడు. ఎల్లప్పది పాల వ్యాపారం. కింద బర్రెలు, వెనక పేడకుప్ప. పై గదిని బట్టల మీద జర్దోసీ కుట్టుపని చేసుకునే ఉజైర్‌కు అద్దెకిచ్చాడు. పడింది ఆ గది కిటికీలోంచే. కుప్ప మీద పడ్డాడు కాబట్టి ఎడమ మణికట్టు బెణకడంతో పోయింది. అయితే ఎట్లా పడ్డాడో ఎల్లప్ప చెప్పడు, ఉజైర్ చెప్పడు. ఇద్దరూ మూగనోము పట్టినట్టు కూర్చున్నారు.

సాయంత్రానికి సందు సందంతా ఒకటే మాట. ఉజైర్ నెట్టాడట. ఎల్లప్ప భార్య బాలమ్మ మెట్ల కింద నిలబడి, "శుక్రారం లోపట గది ఖాళీ చెయ్," అనేసింది. ఉజైర్‌కు ఇల్లూ, కార్ఖానా అన్నీ ఆ ఒక్క గదే. పోతే ఎక్కడికి పోతాడు? పైగా ఇలాంటి మాట సందు దాటితే ఎక్కడిదాకా పోతుందోనని నాకు నిజంగా భయమేసింది. బాపు దగ్గరికి ఉరికాను.

మర్నాడు పొద్దున ఆయన నోటుబుక్కు పట్టుకుని వచ్చాడు.

"ఉజైరే నెట్టిండు," అంది పూలమ్మే అమల.

"నువ్వు చూసినవా?"

"నేనేడ చూసిన? సుజన చెప్పింది."

సుజనను అడిగితే టైలర్ డానియేలు చెప్పాడంది. డానియేలును అడిగితే అమల చెప్పిందన్నాడు. బాపు నోటుబుక్కులో ఒక సున్నా చుట్టాడు.

తర్వాత కర్ర పట్టుకుని కుప్పలోకి దిగాడు. "ప్రాగ్‌ల ఎవడూ కుప్పను కెలికి చూడలే. నేను గా తప్పు చెయ్య." బర్రెలన్నీ నెమరేయడం ఆపి ఆయన్నే చూశాయి. అరగంటకు ఒక స్టీలు చెంచా దొరికింది. నల్లా కింద కడిగి జేబులో వేసుకుని, ఎల్లప్పనూ నన్నూ పైకి తీసుకుపోయి ఉజైర్ గది తలుపు మూశాడు. గూట్లో అలాంటి చెంచాలే ఐదున్నాయి. జేబులోని చెంచా తీసి చూపించేసరికి ఎల్లప్ప మొహం పాలిపోయింది.

"షుగరు మూడు వందలున్నది బాపూ. ఇంట్ల బాలమ్మ బెల్లం ముక్క గూడ ముట్టనియ్యదు. ఉజైర్ చేసే డబల్ కా మీఠా రోజింత తింటున్న. నిన్న తింటుంటె మెట్ల మీద ఆమె అడుగుల సప్పుడైంది. కిటికీలకెళ్లి సజ్జ మీదికి దిగుదామనుకున్న, కాలు జారింది."

"మరి నువ్వెందుకు చెప్పలే?" అన్నాడు బాపు ఉజైర్‌తో.

"జబాన్ దియా, బాపూ. ఎవ్వరికి చెప్పనని మాటిచ్చిన."

"ఎల్లప్పా, నీ నాలుక రుచికి గీ పిలగాని నీడ పోతుండె గదరా."

 బాపు కళ్లజోడు తీసి పంచె కొంగుతో చాలాసేపు తుడిచాడు. ఆ తర్వాత రాశాడు: 'కిటికీలోంచి నేనే జారి పడ్డాను. ఎవరూ నెట్టలేదు. ఎల్లప్ప.' సంతకం పెట్టించి, సందు నడుమ నిలబడి గట్టిగా చదివాడు.  బాలమ్మ మెట్లెక్కిపోయి, గది ఖాళీ చేయడానికి ఉజైర్ సగం విప్పిన మగ్గం కర్రను తనే అందుకుంది. "పట్టు భాయ్, మళ్ల కడ్దాం. తప్పు నాది." నా గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది.

ఇంటికి నడుస్తూ అడిగాను. "బాపూ, మీఠా సంగతి రాయకపోతివేంది?"

"రాసేటోడు చూడాలె గదా. ఎల్లప్ప తినంగ నేను చూసిన్నా?"

"చెంచా చూస్తివి గదా?"

"కండ్లజోడు తీసి ఉంటి."

జేబులోంచి చెంచా తీసి నా చేతిలో పెట్టాడు. "ఉజైర్‌కిచ్చెయ్ బిడ్డా. ఏడ దొరికిందని బాలమ్మ అడిగిందనుకో..."

"నేను చూడలే అని చెప్త," అన్నాను.