ఆపడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలో

రైలు గేటు పడితే నేను బస్సులో కూర్చోలేను. ఇప్పటికీ అంతే. దిగి గేటు దాకా నడిచి, కమ్మీ మీద చెయ్యి వేసి, ఇంకా రాని రైలు వైపు చూస్తూ నిలబడతాను. ఈ వయసులో నీకెందుకమ్మా ఇంత తొందర అని కండక్టర్లు విసుక్కుంటారు. నా తొందర వయసుతో వచ్చిందీ కాదు, వయసుతో పోయేదీ కాదు. గిద్దలూరులో పుట్టినదానికి గేటు పడటం కొత్త కాదు. అయినా అది నన్ను ఆపడానికే పడినట్టు ఒళ్ళు మండుతుంది.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో మాది ఇంకా కర్నూలు జిల్లా. నాయనకు బజారులో దుకాణం ఉండేది. బెల్లం, చింతపండు, నూనెలతో పాటు మార్కాపురం పలకలు కూడా అమ్మేవాడు. ఆడపిల్ల పెద్దమనిషి కాగానే బడి మాన్పించే కాలంలో నేను ఎస్సెస్సెల్సీ దాకా వచ్చానంటే, అందులో నాయన మంచితనం కొంత, నా మొండితనం కొంత. కర్నూలు పోయి టీచరు ట్రైనింగు చదవాలని నా పట్టు. నాయన ఒకటే షరతు పెట్టాడు. ఈ ఒక్కసారి పరీక్షకు కూర్చోవచ్చు. పాసైతే కర్నూలు, లేకపోతే చదువు బందు, సంబంధం చూస్తాడు. రెండోసారి అనే మాటే లేదు.

నాకు ఇంగ్లీషు కొరకరాని కొయ్య. అందుకని బడిలో ఇంగ్లీషు చెప్పే అయ్యవారిని సాయంత్రాలు మా అరుగు మీదికి పిలిపించారు. ఆయన ఒక అర్థానికి ఒక మాటతో తృప్తిపడే మనిషి కాదు. ఒకరోజు ఆపడం మీద పడ్డాడు. స్టాప్, ప్రివెంట్, హిండర్, అబ్‌స్ట్రక్ట్, డిటైన్, రిస్ట్రెయిన్. అన్నీ ఒకటే కదా అన్నాను. కానే కాదన్నాడు. మొదలుకాకముందే ఆపితే ప్రివెంట్. సాగే పనికి చీటికిమాటికి తగులుకుంటే హిండర్. దారికి అడ్డం పడితే అబ్‌స్ట్రక్ట్. పోయేవాణ్ణి పోనీయకుండా కూర్చోబెట్టుకుంటే డిటైన్. ఒక్కోదానికి సొంత వాక్యం రాయమన్నాడు. పరీక్షలో తప్పకుండా అడుగుతారని బెదిరించాడు.

వాక్యాల కోసం నేను దూరం పోలేదు, మా ఇల్లే చాలింది. బేరానికి వచ్చిన కొమరోలు రైతును నాయన కబుర్లలో దించి బస్సు తప్పించేవాడు. అది డిటైన్. నేను పుస్తకం తెరిస్తే చాలు, పిక్కలు తియ్యమని అమ్మ చింతపండు బుట్ట తెచ్చి ముందు పెట్టేది. అది హిండర్. ఇక నాయన తల్లి, మా అవ్వ. ఆమెకు ఒక్క మాట ఎక్కడ చాలుతుంది? పొద్దున్నే వీధి వాకిలికి అడ్డంగా పీట వేసుకుని కూర్చునేది. ముక్కుపొడుం పీల్చేది. సరిగ్గా మనిషి గడప దాటే సమయానికి తుమ్మేది. ఒంటి తుమ్ము. ఇంకేముంది, పోయే మనిషి వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. జంట తుమ్ము మంచిదంటారని నేను రెండోదాని కోసం చెవులు రిక్కించి నిలబడేదాన్ని. అవ్వ రెండోది తుమ్మిన పాపాన పోలేదు. ఒకసారి నాయన ఆ తుమ్ముకు ఆగి మార్కాపురం పోయే రైలు పోగొట్టుకున్నాడు. అయినా తల్లిని పల్లెత్తు మాట అనలేదు.

"ఏంది పిల్లా, కాలుగాలిన పిల్లి మాదిరి తిరగతావు. ఒకకాడ కూసో" అనేది అవ్వ నన్ను చూసినప్పుడల్లా.

రిస్ట్రెయిన్‌కు మాత్రం వాక్యం కుదరలేదు. మనిషి తనను తాను ఆపుకోవడానికి కూడా ఆ మాట వాడతారని అయ్యవారు చెప్పాడు. చెయ్యగలిగీ చెయ్యకుండా ఉండటం అన్నమాట. అట్లాంటి మనిషి మా ఇంట్లో ఎవరా అని ఆలోచించాను. నేనైతే కాదు. మిగతావాళ్ళ మీద కూడా నమ్మకం కలగలేదు. దాని ఎదురుగా ఖాళీ వదిలేశాను.

నెలకు మూడు రోజులు నన్ను నిజంగానే ఆపేసేవాళ్ళు. పెరట్లో చిన్న వసారా, వేరే చాప, వేరే చెంబు. ఆ రోజుల్లో పుస్తకం ముట్టుకోకూడదు, అది సరస్వతి. పలక మాత్రం ముట్టుకోవచ్చు. రాయి కడిగితే శుద్ధి అవుతుంది, కాగితం కడిగితే ఏం మిగులుతుంది అని అవ్వే తీర్పు చెప్పి, దుకాణంలో అంచు విరిగి అమ్ముడుపోని పలక ఒకటి నాకు పడేసింది. ఆపే మాటలన్నీ నేను ఆ పలక మీదే నేర్చుకున్నాను, కదలడానికి వీల్లేని చోట కూర్చుని. రాయడం, చెరపడం, లేవడం, చాప చుట్టూ తిరగడం, మళ్ళీ కూర్చోవడం. అర్ధసంవత్సర పరీక్షలు సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చాయి. బడి గంట వినబడుతుంటే పలక ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. అవ్వ కదలనివ్వలేదు. నాయన ఆమె మాట దాటలేదు.

పెద్ద పరీక్షల్లో మొదటిది ఇంగ్లీషు. రేపు పరీక్ష అనగా, ముందురోజు సాయంత్రం నేను బయట చేరాను. పది రోజులు ముందుగా వచ్చి పడింది. దడి చాటున నిలబడిపోయాను. కర్నూలు, ట్రైనింగు, అన్నీ అక్కడికక్కడే అయిపోయాయి అనుకున్నాను. వెతుక్కుంటూ వచ్చిన అమ్మ నా ముఖం చూసింది, చీర చూసింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగింది.

"గమ్మునుండు. నువ్వు ఎవురితో ఏం చెప్పొద్దు."

పోయి వసారాలో చాప దులిపి తనే కూర్చుంది. అక్కడి నుంచే, అత్తా, నేను దూరమైనా అని వంటింటి వైపు కేకేసింది, ప్రతి నెలా వేసినట్టే. అవ్వ బయటికి వచ్చింది. అమ్మను చూసింది, దడి పక్కన బిగుసుకుపోయిన నన్ను చూసింది. కొంగు దోపుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

పొద్దున నేను బయలుదేరే వేళకు అవ్వ వాకిలికి అడ్డంగా ఎప్పటిలాగే కూర్చుని ఉంది. పక్కన పొడుం డబ్బీ. తుమ్మిందంటే నాయన నన్ను వెనక్కి పిలుస్తాడు, కూర్చోబెడతాడు, అవ్వ ఎక్కడో ఒకచోట నన్ను పట్టేస్తుంది. ఆమె కొంగు ముక్కుకు అదిమి పెట్టుకుని ఉంది. ముఖం కందిపోయింది, కళ్ళలో నీళ్ళు. కోడలు మూల కూర్చుంటే పొగలో వంట తన మీద పడిందని బాధపడుతోంది కాబోలు అనుకున్నాను. పీట పక్కకు జరిపి, పో పో అని చెయ్యి ఊపింది. పరుగెత్తాను. బజారు మలుపు తిరిగాక వెనక నుంచి వినిపించింది ఆ తుమ్ము, వీధంతా అదిరేటట్టు. నేను ఆగలేదు.

అయ్యవారు చెప్పినట్టే అడిగారు. రిస్ట్రెయిన్ కూడా ఉంది. గుర్రాన్ని కళ్ళెంతో ఆపారని ఏదో రాసి వచ్చాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అవ్వ వసారా ముందు నిలబడి అమ్మ కంచంలో ఎత్తు నుంచి అన్నం వేస్తోంది. ఎవరి వైపూ చూడకుండా అంది:

"మొన్న అమావాస్యకే గదా నువ్వు ఈ చాప మీదనించి లేచింది. ఈ ఇంట్లో ఎవురు ఎప్పుడు కూసుంటారో నాకు తెలీదనుకుంటివా."

అమ్మ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. నేను గోడకు అతుక్కుపోయాను. అవ్వ చారు పోసింది.

"మూడు దినాలు అయ్యేదాకా ఆడనే కూసో. వంట నేను చేస్తా." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు మాత్రం వంటింట్లోకి రాబాక."

ఆమె ఆచారం ఆమెకు ప్రాణం. దాన్ని నాకోసం పక్కన పెట్టింది, అది కూడా వంటింటి గడప దాకానే. అవ్వ మీద ప్రేమ ముంచుకొచ్చింది, పాత కోపం పోకుండానే. పాసయ్యానని, కర్నూలు పోయానని, తర్వాత ఆ మాటలే పిల్లలకు చెప్పి బతికానని ఇప్పుడు తేలిగ్గా చెబుతున్నాను. ఆ సాయంత్రానికి నాకు అవేమీ తెలియవు. తెలిసింది ఒక్కటే, ఖాళీ వదిలిన మాటకు వాక్యం దొరికింది.

విరిగిన పలక తీసుకుని, అవ్వ తనను తాను ఆపుకుంది అని ఇంగ్లీషులో రాశాను. కింద తెలుగులో కూడా రాశాను. అవ్వ పీట మీద కూర్చుని పొడుం డబ్బీ మూత తీస్తోంది. ఏం రాసినావని అడిగింది. ఆమెకు చదువు రాదు. చదివి వినిపించాను. డబ్బీ మూత మళ్ళీ పెట్టేసింది.

"కడిగెయ్" అంది. "మీ నాయన చూస్తాడు."