లక్ష్మి విన్న చప్పుడు

నేను గోదావరిఖనిలో అంగన్‌వాడీ టీచర్ని. దయ్యం సోకిందని తాయెత్తులు కట్టించుకొచ్చిన పిల్లల్ని దవాఖానకు పంపించిన దాన్ని. ఇలాంటివి నమ్మే మనిషిని కాదని ముందే చెబుతున్నాను.

రెండేళ్ల కిందట బొగ్గుబాయిలో పైకప్పు కూలింది. మా ఆయన సమ్మయ్య ఇవతల పడ్డాడు. ఆయనతో పనిచేసే రాజేశం అవతల చిక్కుకున్నాడు. లోపలి నుంచి రాజేశం బండను కొడుతూనే ఉన్నాడట. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి. నాలుగు గంటల తర్వాత ఆ చప్పుడు ఆగిపోయింది.

రాజేశం భార్య లక్ష్మికి మాత్రం, అక్కడికక్కడే పోయాడని చెప్పారు. మేమూ అదే చెప్పాం.

ఇంటికొచ్చాక మా ఆయన వంటింటి గోడకు చెవి ఆనించి కూర్చునేవాడు. "రాజేశం కొడ్తండు. నీకు ఇనవడ్తలేదా?" అనేవాడు. వేళ్లు నెత్తురు కారేదాకా సున్నం గీకేవాడు. మొదట్లో నేను ఆయన మీద అరిచాను కూడా. కరీంనగర్‌లో డాక్టరు, "వాదించొద్దు, ఒప్పుకోవద్దు, పక్కన కూర్చోండి" అన్నారు. మాత్రలు మింగించి, చేతులకు గుడ్డలు చుట్టి, నెలల తరబడి కూర్చున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం లక్ష్మి మమ్మల్ని చూడటానికి వచ్చింది. ఆయన మాత్రల మత్తులో ముందుగదిలో నిద్రపోతున్నాడు. వంటింట్లో నేను చాయ్ పోస్తుంటే గోడలోంచి చప్పుడు. రెండు, ఆగి ఒకటి.

ఆయన జబ్బు నాకూ అంటుకుందేమో అనుకున్నాను. కానీ లక్ష్మి కూడా గోడవైపే చూస్తోంది.

మళ్లీ వినిపించింది. ముందుగదిలోకి పరుగెత్తాను. ఆయన కదలకుండా పడుకునే ఉన్నాడు. ఆ గోడకు అవతల, ఇంటి వెనక్కి వెళ్లి చూశాను. ఖాళీ జాగా. ఎవరూ లేరు.

తిరిగొచ్చేసరికి లక్ష్మి గోడకు అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"అక్కా, మా ఆయన డ్యూటీ నుంచి అచ్చి తలుపు గిట్లనే కొడ్తుండె," అంది. నావైపు తిరిగి, "నిజం చెప్పు. అప్పుడే పానం పోలే గదా? ఎంతసేపున్నడు?" అంది.

నాలుగు గంటలని చెప్పేశాను. ఆమె గోడ కిందే కూలబడింది.

"సమ్మయ్యన్న ఇన్నడా?"

"ఇన్నడు. చేతులతోనే తవ్విండు."

"గట్లయితే మా ఆయన ఒంటిగ లేకుండె," అంది లక్ష్మి. అప్పుడు ఏడ్చింది.

ఎలుకలనుకుందామంటే అది సిమెంటు గోడ. అందులో పైపు కూడా లేదు. ఆ తర్వాత నాకు ఆ చప్పుడు మళ్లీ వినిపించలేదు. ఆయనకు జబ్బు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఆ రోజు సంగతి డాక్టరుకు చెప్పలేదు. మా ఆయనకైతే అసలే చెప్పలేదు. చెబితే ఆ గోడను తవ్వకుండా ఆయన్ని నేను ఆపలేను. అది ఏం చప్పుడో నాకు ఇప్పటికీ తెలియదు.