కాగితం దోవ, మనిషి దోవ

మొన్న బెంగళూరులో మా తమ్ముడి కూతురు ల్యాప్‌టాప్ తెరిచి, వాళ్ల కంపెనీలో ఒక పని ఎక్కడ మొదలై ఎవరెవరి చేతుల మీదుగా ఎక్కడ ముగుస్తుందో గడులూ బాణాలతో గీసి చూపిస్తుంటే, ఇలాంటివి నేనూ గీశానమ్మా అన్నాను గానీ, ఆ పిల్ల నమ్మినట్టు లేదు.

ముదిగుబ్బ దగ్గర వేరుశనగ విత్తనాలు పంచే ఆఫీసులో నేను గుమాస్తాగా ఉన్న రోజులవి, రెండువేల సంవత్సరానికి అటూ ఇటూ. హైదరాబాదులో మూడు రోజుల శిక్షణకు పంపితే, ఆఫీసు పనిని బొమ్మగా గీయడం నేర్చుకుని వచ్చి, రైతు దరఖాస్తు ఏ బల్ల నుంచి ఏ బల్లకు పోతుందో ఆరు గడుల్లో చార్టు మీద గీసి గోడకు అంటించాను. ఆఫీసరు మెచ్చుకున్నారు, నాకూ గర్వంగానే ఉండేది.

ఆ ఏడు వాన ఆలస్యంగా పడింది. నేలలో తడి, ఆ పదును ఆరకముందే విత్తుకోవాలని జనం విరగబడ్డారు. నాలుగోసారి కిటికీ దగ్గరికి వచ్చిన ఒక రైతక్కకు ఆ చార్టు చూపించి, ఆరు మెట్లే కదక్కా అన్నాను.

"ఏమప్పా, ఇది నీ కాగితం పోయే దోవ. నేను తిరిగిన దోవ యాడ గీసినావు? రేపటికి పదును ఆరిపోతాది, నేనింకా ఈడనే తిరుగుతాండా," అన్నదామె.

కిటికీని పక్కవారికి అప్పగించి ఆమె వెంట నడిచాను. సంతకానికి ఒక భవనం, ముద్రకు ఇంకొకటి, నంబరుకు మళ్లీ మా కిటికీ, చీటీకి ఊరి చివర గోదాము, ఆ చీటీ మీద సంతకానికి తిరిగి మా దగ్గరికే. గోడ మీది చార్టు ఊడదీసి, ఆమె దోవనంతా దాని వెనకవైపు గీసి ఆఫీసరు ముందు పెడితే, ఆయన చికాకుపడ్డారు.

"అంతా రూలు ప్రకారమే కదప్పా జరుగుతాండేది!"

ఒక్కసారి నడిచి చూడండి సార్ అని పట్టుబట్టాను. మిట్టమధ్యాహ్నపు ఎండలో గోదాముకు రెండుసార్లు పోయి వచ్చిన ఆయన, చెమట తుడుచుకుని, అందరి బల్లలనూ గోదాము వసారాలోకే చేర్పించారు. పొద్దు వాలకముందే ఆ అక్క మూటలు బండికెత్తుకుని పోయింది.

ఆ తర్వాత ఏ ఆఫీసుకు పోయినా, వచ్చినవాళ్లతో నడిచాకే కలం పట్టాను. ఆ పద్ధతి నన్నెన్నడూ మోసం చేయలేదు. ఇప్పుడు దరఖాస్తులన్నీ ఫోన్లోనే పోతాయి, ఎండలో తిరిగే పని తప్పింది, మంచిదే. కానీ ఆ ఫోన్ల వెనకా ఎవరో గీసిన బొమ్మే ఉంటుంది; దాన్ని గీసినవాడి ముఖం మీదే నీది తప్పప్పా అని చెప్పాలనుకున్న మనిషి ఇప్పుడు ఎవరి ఎదుట నిలబడాలో నాకు తెలియదు.